110 అడుగుల్లో ఉప్పు, 22 అడుగుల్లో తీపి: బోరు ఇంకా దింపమంటారా?

శివారు_చేను
మాది మొగల్తూరు వైపు, కాలువ శివారు ఊరు. సముద్రం తిన్నగా చూస్తే ఎనిమిది కిలోమీటర్లుంటుంది. కట్టుకుంటున్న కొత్త ఇంటికి బోరు వేయించాం, 110 అడుగులు. కేసింగు, మోటారు, కూలీ కలిపి 70 వేలు దాటింది. నీళ్లు ఏనుగు తొండంతో పోసినట్టు వచ్చాయి. మేస్త్రి కొబ్బరికాయ కొట్టాడు. నేను దోసిలి పట్టి నోట్లో పోసుకుని అక్కడే ఉమ్మేశాను. రెండుసార్లు ఉప్పు పడిన చారు నయం.

అసలు కడుపుమంట ఏమిటంటే, ఇదే దొడ్లో యాభై గజాల అవతల మామ్మ కాలం నాటి ఫిల్టర్ పాయింటు ఉంది, అదే, ఇసకలోకి దింపిన చిన్న గొట్టపు బావి. 22 అడుగులే. ఆ నీళ్లు ఇప్పటికీ తియ్యగా ఉంటాయి. "కిందకి పోతే సముద్రమేరా అంటే విన్నావా" అని మామ్మ రోజుకి రెండుసార్లు అంటోంది.

ఇంకో వంద అడుగులు దింపితే తీపి తగులుతుంది, ఇంకో 40 వేలు పెట్టమంటాడు మేస్త్రి. ఇదంతా రొయ్యల చెరువుల పుణ్యమే అంటాడు మా బాబాయి. ఏప్రిల్లో చెల్లి పురిటికి వస్తోంది. ఈలోగా నీళ్ల సంగతి తేల్చాలి. దింపమంటారా?

పులస_ఒక్కటే
బోరులోకి సముద్రం వచ్చిందంటే వెనకాలే పులస కూడా వస్తుంది. వస్తే ఒకటి నాకు పక్కన పెట్టండి.

నిడదవోలు_నాని
దింపండి. మాకు 250 అడుగులకి అమృతం తగిలింది. పైన ఒగరుగా ఉండేవి, కిందకి పోయేకొద్దీ తీపి. సగంలో ఆపితే పెట్టిన డబ్బు కూడా మట్టిలో పోసినట్టే.

ఫిల్టర్‌పాయింట్_మేస్త్రి
నిడదవోలు వేరు, మొగల్తూరు వేరు అన్నయ్యా. నేను ముప్పై ఏళ్లుగా ఇదే పనిలో ఉన్నాను. మా నాన్న చేతి బోర్లు దింపేవాడు, ఫిల్టరుకి కొబ్బరి తాడు చుట్టి. శివారు ఊళ్లలో నల్లబంక దాటాక ఇసక తగులుతుంది, అక్కడ నీళ్లు ధారగా వస్తాయి. అందుకే మేస్త్రులకి ఆ లోతంటే ఇష్టం. "నీళ్లు పడ్డాయి" అనిపించుకుంటే డబ్బులు చేతిలో పడతాయి. అవి తియ్యటి నీళ్లని ఎవడూ రాసివ్వడు. మీరు బేరం ఎలా ఆడుకున్నారు? అడుక్కింతనా, మంచినీళ్లు పడితే ఇంతనా?

శివారు_చేను
అడుక్కింత.

ఫిల్టర్‌పాయింట్_మేస్త్రి
మరి దింపమనే అంటాడు.

పాత_పీజోమీటర్
ఉద్యోగమంతా భూగర్భ జలాల కొలతలతోనే గడిచింది, అందుకని కాస్త పొడుగ్గా రాస్తాను, విసుక్కోకండి.

మన కాళ్ల కింద ఉన్న నేల గోదారి మోసుకొచ్చి సముద్రంలో పోసిన ఒండ్రు. వేల ఏళ్ల కిందట తీరం ఇప్పటికన్నా చాలా లోపలికి ఉండేది. సముద్రం వెనక్కి జరిగింది గానీ దాని నీళ్లు కొన్ని బంకమట్టి పొరల మధ్య చిక్కుకుని అక్కడే ఉండిపోయాయి. మీ 110 అడుగుల్లో తగిలింది ఆ పాత సముద్రమే అయ్యుండాలి. నిన్నా మొన్నా లోపలికి చొచ్చుకొచ్చింది కాకపోవచ్చు.

సముద్రం వెనక్కి పోతూ తీరం వెంట ఇసక దిబ్బలు వదిలింది. మన ఊళ్లు, కొబ్బరి తోటలు ఎక్కువగా ఆ దిబ్బల మీదే ఉంటాయి, వరి చేలు పల్లంలో బంకమట్టి మీద ఉంటాయి. దిబ్బ ఇసకలో వాన నీళ్లు, కాలువ ఊట ఇంకి, కింద ఉన్న ఉప్పునీటి మీద తేలుతూ ఉంటాయి. పాల మీద మీగడ అనుకోండి. మీ మామ్మగారి 22 అడుగులు ఆ మీగడ.

ఉప్పునీరు బరువెక్కువ. సముద్రపు నీళ్లు లీటరుకి దాదాపు 25 గ్రాములు అదనంగా తూగుతాయి. ఈ తేడా వల్ల సముద్రమట్టానికి పైన మంచినీరు ఒక్క అడుగు నిలిస్తే, కింద 40 అడుగుల దాకా ఉప్పుని తొక్కిపట్టి ఉంచుతుంది. పెద్ద మోటారు పెట్టి పైన ఒక అడుగు లాగేశారా, కింద ఉప్పు పైకి తన్నుకొస్తుంది. మధ్యలో బంక పొర అడ్డముంటే లెక్క ఇంత సూటిగా ఉండదు గానీ, దారి మాత్రం ఇదే.

నాని గారు చెప్పిందీ అబద్ధం కాదు. నిడదవోలు డెల్టా మొదట్లో ఉంది, మెట్టకి ఆనుకుని. అక్కడ లోతుకి వెళ్తే ఇసకరాయి పొరల్లో మంచినీళ్లు దొరుకుతాయి. ఆ అదృష్టం సముద్రం పక్క ఊళ్లకి లేదు. 40 వేలు దాచుకోండి.

నిడదవోలు_నాని
సరే, వెనక్కి తీసుకుంటున్నా. అమృతం మాత్రం అమృతమే.

కూకట్‌పల్లి_కోనసీమోడు
ఇంత చర్చ దేనికి, ఒక ఆర్వో మిషను పెట్టించండి బ్రో. ఇక్కడ మా అపార్ట్‌మెంట్లో బోరు నీళ్లు ఇంతకన్నా ఘోరం.

దాళ్వా_దిగులు
మిషను పెడితే ఒక బిందె మంచినీళ్లకి రెండు మూడు బిందెలు బయటికి పారబోయాలి. ఆ పారబోసిన దానిలో ఉప్పు ఇంకా చిక్కగా ఉంటుంది. అది మళ్లీ దొడ్లోకేగా.

బ్యూరెట్_మేడం
ముందు నీళ్లు పరీక్ష చేయించండి, మిషను సంగతి తర్వాత. ఇళ్లలో పెట్టే ఆర్వోలు మామూలుగా టీడీఎస్, అంటే నీళ్లలో కరిగి ఉన్న లవణాలు మొత్తం, లీటరుకి 2,000 మిల్లీగ్రాముల దాకా తట్టుకునేలా చేస్తారు. దానికి మించిన నీళ్లు పోస్తే లోపల వడకట్టే పొర, మెంబ్రేన్, నెలల్లోనే పాడవుతుంది.

బోరు, ఫిల్టర్ పాయింటు రెండింటి నీళ్లూ ఇవ్వండి. మోటారు పది నిమిషాలు వదిలేశాక పట్టాలి. సీసాని అదే నీళ్లతో మూడుసార్లు తొలిచి, గాలి లేకుండా మూతి దాకా నింపి, అదే రోజు అందించాలి. కూల్‌డ్రింకు సీసాలో పట్టుకెళ్లకండి, మా కాలేజీకి ఒకాయన అలాగే తెచ్చాడు, నీళ్లకి మామిడి వాసన. టీడీఎస్, క్లోరైడు, కాఠిన్యం, నైట్రేటు, ఇనుము, ఫ్లోరైడు అన్నీ అడగండి.

శివారు_చేను
ఫిల్టర్ పాయింటు నీళ్లు దేనికండీ? అవి బాగానే ఉన్నాయిగా. టీడీఎస్ మీటరు కొన్నాను, 790 చూపించింది. బోరులో పెడితే 3,600 దాటింది.

బ్యూరెట్_మేడం
మీటరు నీళ్లలో కరెంటు ఎంత పారుతుందో చూసి ఒక అంకె చెబుతుంది. సంతలో ఎంతమంది ఉన్నారో చెప్పగలదు, అందులో దొంగ ఎవడో చెప్పలేదు. రెండూ ఇవ్వండి.

పెదలంక_తాతగారు
మా చిన్నప్పుడు మీటర్లు లేవు. ఎండాకాలం కాలువలకి నీళ్లు కట్టేసే ముందు మంచినీళ్ల చెరువు నింపుకునేవాళ్లం, గట్టు మీదకి గొడ్డు వస్తే జరిమానా. బురదగా ఉంటే ఇండుపగింజ అరగదీసి కడవలో కలిపేవాళ్లు, తెల్లారేసరికి తేట. కందిపప్పు ఉడికితే మంచినీళ్లు, ఉడక్కపోతే కాదు. అంతే పరీక్ష.

ఆవకాయ_జాడీ
తాతగారి పప్పు పరీక్ష నిజమే. మా అత్తగారింట్లో బోరు నీళ్లతో పప్పు నాలుగు విజిల్స్ వేసినా పలుకుగానే ఉంటుంది. సబ్బు నురగ రాదు, తలస్నానం చేస్తే జుట్టు కొబ్బరి పీచు. పెళ్లయిన కొత్తలో పప్పు ఉడికించడం రాదని నన్ను అన్నారు. పదేళ్లయింది, ఇంకా మర్చిపోలేదు.

బ్యూరెట్_మేడం
అది కాఠిన్యం అమ్మా, కాల్షియం, మెగ్నీషియం. కాల్షియం గింజలోని జిగురు లాంటి పెక్టిన్‌ని బిగించేస్తుంది, అందుకే మెత్తబడదు. మీ తప్పేం లేదని మీ అత్తగారికి చూపించండి.

ఆవకాయ_జాడీ
స్క్రీన్‌షాట్ తీశాను.

ఏరేటర్_గోల
మొదటి పోస్టులో బాబాయిగారు రొయ్యల చెరువుల మీద పెట్టేశారు. మా ఇంటి పొయ్యి కూడా రొయ్య మీదే మండుతోంది కాబట్టి ఒక మాట. పీజోమీటర్ గారే చెప్పారు కదా, ఆ ఉప్పు వేల ఏళ్లనాటిదని. నూట పది అడుగుల లోతు ఉప్పుకి నా చెరువుకి ఏం సంబంధం?

దాళ్వా_దిగులు
110 అడుగులకి సంబంధం లేకపోవచ్చు, 22 అడుగులకి ఉంటుంది. మా ఊళ్లో చూశాం. చేను పక్క చేను చెరువైంది, మూడేళ్లకి మధ్యలో మిగిలిన వరి ఎర్రబడి పోయింది. గట్టు పక్క ఫిల్టర్ పాయింటు ఉప్పెక్కింది. చివరికి మేమూ లీజుకి ఇచ్చేశాం. ఏం చేస్తాం.

ఏరేటర్_గోల
నేను ఉప్పుటేరు నీళ్లే పెడతాను. అందర్నీ ఒక గాటన కట్టకండి.

పాత_పీజోమీటర్
గొడవ పడకండి, ఇద్దరిదీ నిజమే. 2009లో వనామీ రకం రొయ్యకి అనుమతి వచ్చాక సాగు బాగా లోపలికి వచ్చింది, ఎందుకంటే అది తక్కువ ఉప్పులోనూ బతుకుతుంది. ఏరు దగ్గర లేని చోట కొందరు లోతు బోర్లు వేసి ఆ పాత సముద్రాన్ని తోడి చెరువులో పోస్తున్నారు. అంటే కింద పడి ఉన్న ఉప్పుని తెచ్చి మీగడ నెత్తిన పోసినట్టు. చెరువు ఇసక నేల మీద ఉంటే పైనుంచి దిగుతుంది. తాగునీటి బావులు ఉప్పెక్కుతున్నాయన్న మాట కొత్తది కాదు, రొయ్యల చెరువుల మీద 1996లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పులోనూ ఉంది.

ఊహలెందుకు, శివారు గారి చేతిలో మీటరు ఉందిగా. ఒకే రోజు పొద్దున్నే వీధి ఆ చివర నుంచి ఈ చివర దాకా ఫిల్టర్ పాయింట్లన్నీ కొలవండి. ఏ వైపు పెరుగుతోందో అదే చెబుతుంది. కాలువ పారుతుండగా ఒకసారి, కట్టేశాక ఇంకోసారి.

శివారు_చేను
ఆదివారం పొద్దున్న బయల్దేరాను, ఒక గ్లాసు, మీటరు, పుస్తకం పట్టుకుని. మొదటి ఇంట్లో ఓట్ల సర్వే అనుకున్నారు. రెండో ఇంట్లో కాఫీ ఇచ్చారు. మూడో ఇంట్లో వాళ్ల ఆర్వో నీళ్లు కూడా చూడమన్నారు, 35 వచ్చింది, తక్కువ మార్కులొచ్చాయని ఆవిడ బాధపడింది.

అంకెలు ఇవి. కాలువ గట్టు పక్కది 410. రామాలయం దగ్గరది 620. మామ్మది 790. ఆ తర్వాత వీధి పల్లానికి దిగుతుంది, అక్కడ రెండు ఇళ్లవీ 1,850, 2,300. వాటి వెనకే చెరువు గట్టు. ఆ ఇంటాయన "మూడేళ్ల కిందట ఈ నీళ్లే తాగేవాళ్లం" అన్నాడు. రాత్రిళ్లు చెరువు దగ్గర బోరు మోటారు తిరుగుతుందట.

ఏరేటర్_గోల
రాత్రి మోటారు అంటే ఏరు నీళ్లు కాదు. అది తప్పే. అలాంటి నలుగురి వల్ల అందరికీ చెడ్డపేరు.

దాళ్వా_దిగులు
ఒప్పుకున్నందుకు సంతోషం. నిజంగానే అంటున్నా.

పాత_పీజోమీటర్
గట్టు పక్కన 410, పోనుపోను పెరుగుతోంది. అంటే మీ వీధి తీపి సగం కాలువ ఊటే. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తై కాలువలు పారాకే డెల్టాలో చాలా చోట్ల పైనీళ్లు తియ్యగా మారాయి. కాటన్ దొర బొమ్మకి దండ వేసేటప్పుడు వరి ఒక్కటే తలుచుకుంటాం గానీ, నూతుల్లో నీళ్లు కూడా ఆయన లెక్కలోకే వస్తాయి. అయితే చెరువు వైపు 2,300 ఆ చెరువు వల్లేనని ఈ ఒక్క రోజు కొలతతో ముద్ర వేయకండి. పల్లంలో బంక నేలకి సొంత ఉప్పు ఉంటుంది. మూడేళ్ల కిందట తాగారన్న మాట మాత్రం ఆలోచించాల్సిందే.

శివారు_చేను
ల్యాబు రిపోర్టు వచ్చింది. లీటరుకి మిల్లీగ్రాముల్లో రాస్తున్నా.

కొత్త బోరు: టీడీఎస్ 3,650, క్లోరైడు 1,900, కాఠిన్యం 1,250, ఇనుము 2.1, ఫ్లోరైడు 0.6, నైట్రేటు 4.
మామ్మ ఫిల్టర్ పాయింటు: టీడీఎస్ 800, క్లోరైడు 210, కాఠిన్యం 380, ఇనుము 0.2, ఫ్లోరైడు 0.4, నైట్రేటు 62.

మామ్మదే గెలుపు కదా? నైట్రేటు పక్కన మాత్రం ఎర్ర సిరాతో గీత గీశారు.

కూకట్‌పల్లి_కోనసీమోడు
62 అంటే ఫస్ట్ క్లాస్ కదా బ్రో.

బ్యూరెట్_మేడం
కాదు. నైట్రేటుకి మన తాగునీటి ప్రమాణంలో హద్దు 45. మిగతా చాలా వాటికి "వేరే నీళ్లు లేకపోతే ఇంతదాకా ఫర్వాలేదు" అని రెండో హద్దు ఉంటుంది. టీడీఎస్ 500 అయితే మేలు, గతిలేకపోతే 2,000 దాకా. క్లోరైడు 250, గతిలేకపోతే 1,000. నైట్రేటుకి ఆ సడలింపు లేదు. రిపోర్టులో "నైట్రేట్" అనే ఉందా, "నైట్రేట్ నైట్రోజన్" అని ఉందా చూడండి. రెండోదైతే 4.4తో గుణించాలి, ఇంకా ఎక్కువవుతుంది.

బోరు సంగతి ఒక ముక్కలో చెబుతా. సముద్రంలో క్లోరైడు దాదాపు 19,000 ఉంటుంది. మీ బోరులో 1,900. పది బిందెల్లో ఒకటి సముద్రం, తొమ్మిది మంచినీళ్లు. మీరు ఉమ్మేసింది ఆ పదో బిందె.

క్లోరైడు ఎలా చూస్తారో మా పిల్లలకి చేయించినప్పుడల్లా నాకే ముచ్చటేస్తుంది. నీళ్లలో పసుపు రంగు సూచిక వేసి, బ్యూరెట్ అనే కొలత గీతల గాజు గొట్టం నుంచి సిల్వర్ నైట్రేట్ చుక్కచుక్కగా వదులుతాం. తెల్లటి తరకలు పడుతూ ఉంటాయి. క్లోరైడు అంతా అయిపోయిన ఆ ఒక్క చుక్కకి పసుపు కాస్తా ఇటుక రంగుకి తిరుగుతుంది. గోదారి నీళ్లకైతే కాసేపట్లో తిరిగేస్తుంది. మీ బోరు నీళ్లు పలచన చేయకుండా పెడితే చెయ్యి నొప్పెట్టేదాకా తిరగదు.

శివారు_చేను
నైట్రేట్ అనే ఉంది, గుణించక్కర్లేదు. కానీ తియ్యగా ఉన్న నీళ్లలో అదెలా వచ్చింది?

పాత_పీజోమీటర్
ఫిల్టర్ పాయింటుకి పది గజాల్లో ఏమేం ఉన్నాయి?

శివారు_చేను
గొడ్ల సావిడి. దాని వెనక పెంటకుప్ప. మరుగుదొడ్డి గుంత ఇటు పక్క. అవతల సొరపాదు.

ఫిల్టర్‌పాయింట్_మేస్త్రి
సొరపాదు ఒక్కటే నిర్దోషి.

పాత_పీజోమీటర్
పేడ, మూత్రం, గుంత ఊట, చేలో వేసిన యూరియా, అన్నిట్లోని నత్రజని చివరికి నైట్రేటు అవుతుంది. ఇసకలో అడ్డు లేకుండా నీళ్లతోపాటే దిగుతుంది. లోతు బోరులో 4 ఉందంటే ఆశ్చర్యం లేదు. గాలి తగలని చోట సూక్ష్మజీవులు నైట్రేటుని నత్రజని వాయువుగా మార్చేస్తాయి. ఆ గాలి లేకపోవడం వల్లే అక్కడ ఇనుము కరిగి ఉంటుంది.

దాళ్వా_దిగులు
మా బోరు ఇనుమే. పట్టినప్పుడు తేటగా ఉంటాయి, గంటకి బిందె అడుగున తుప్పు. తెల్ల పంచె మూడు ఉతుకులకి కాషాయం. ఊళ్లో స్వామీజీ అంటున్నారు.

ఆవకాయ_జాడీ
జామాకు నలిపి ఆ నీళ్లలో వేసి చూడండి. ఇనుముంటే నీళ్లు నల్లగా, ఊదాగా తిరుగుతాయి. మా అమ్మ అలాగే చూసేది. టీ కూడా అందుకే నల్లబడుతుంది, వగరు ఉన్నదేదైనా ఇనుముతో కలిస్తే అంతే.

దాళ్వా_దిగులు
ఇప్పుడే చూశా. సిరాబుడ్డి.

బ్యూరెట్_మేడం
ఇనుము తేలికండీ. నీళ్లు ఎత్తు నుంచి పోసి గాలి తగలనిచ్చి, రాత్రంతా ఉంచి, ఇసక మీదుగా వడకడితే చాలావరకు పోతుంది. ఉప్పు అలా పోదు. నైట్రేటూ పోదు. కాగబెడితే నీళ్లు ఆవిరై రెండూ ఇంకా చిక్కబడతాయి. ఇది చాలామందికి తెలియదు, పసిబిడ్డకని మరీ మరీ కాగబెడతారు.

పెదలంక_తాతగారు
అమ్మా, ఇలాంటి దొడ్డి నీళ్లు మేం డెబ్బై ఏళ్లు తాగాం. సావిడి పక్కనే నుయ్యి ఉండేది. ఏమైంది మాకు? ఇప్పుడు నీళ్లలో అంకెలు చూసి పిల్లల్ని బెదరగొడుతున్నారు.

అంగన్‌వాడీ_టీచరమ్మ
తాతగారూ, పెద్దవాళ్ల సంగతి వేరు. శివారు గారి చెల్లెలు పురిటికి వస్తోంది, దాని గురించే మాట. ఆరు నెలల్లోపు బిడ్డకి నైట్రేటు ఎక్కువున్న నీళ్లతో డబ్బా పాలు కలిపి పడితే, బిడ్డ రక్తం ప్రాణవాయువుని సరిగా మోయలేకపోవచ్చు. పెదాలు, గోళ్లు నీలంగా మారతాయి. తల్లిపాలు పడితే ఈ భయం లేదు. ఆరు నెలలదాకా బిడ్డకి విడిగా నీళ్లు పట్టనే అక్కర్లేదు, ఎండాకాలమైనా సరే. "నాలుక ఆరిపోతోంది, చెంచాడు పట్టండి" అనేవాళ్లు ప్రతి ఇంట్లో ఒకరుంటారు. డబ్బా పాలు తప్పనిసరైతే మాత్రం ఆ ఫిల్టర్ పాయింటు నీళ్లు వద్దు.

పెదలంక_తాతగారు
బిడ్డ మాటైతే నేను అడ్డురాను. చెంచాడు పట్టమనేది మా ఇంట్లో నేనే.

సెంట్రింగ్_సివిల్
అందరూ తాగడం గురించే మాట్లాడుతున్నారు. శివారు గారూ, ఇల్లు కట్టింది ఏ నీళ్లతో? క్లోరైడు 1,900 అంటున్నారు. ఇనుప చువ్వలున్న కాంక్రీటుకి కలిపే నీళ్లలో క్లోరైడు 500 మించకూడదు, చువ్వల్లేనిదైతే 2,000 దాకా. ఎక్కువైతే లోపల చువ్వలు తుప్పుపట్టి ఉబ్బుతాయి, కొన్నేళ్లకి స్లాబు పెచ్చులూడుతుంది.

శివారు_చేను
గుండె ఆగింది. స్లాబు వేసేనాటికి బోరు లేదు, ట్యాంకరుతో కాలువ నీళ్లు తెచ్చాం. గోడల ప్లాస్టరింగు, తడపడం ఈ బోరుతోనే. దక్షిణం గోడకి తెల్లగా పూత పూస్తోంది, సున్నమేమో అనుకున్నా.

సెంట్రింగ్_సివిల్
నాలిక మీద పెట్టుకుని చూడండి.

శివారు_చేను
ఉప్పే. గోడ నాకుతుంటే మా ఆవిడ వీడియో తీసింది.

సెంట్రింగ్_సివిల్
స్లాబు బతికింది, అది చాలు. గోడ పూతని పొడి బ్రష్షుతో దులిపి, మిగతా పని కాలువ నీళ్లతో కానివ్వండి. రంగులు ఇప్పుడే వేయించకండి, పొక్కుతాయి.

కూకట్‌పల్లి_కోనసీమోడు
అయితే చివరికి ఏం తాగాలి? కింద ఉప్పు, పైన యూరియా, మిషను వద్దంటారు, టిన్ను నీళ్లా?

బ్యూరెట్_మేడం
మిషను వద్దనలేదు, ఆ బోరుకి వద్దన్నాను. ఫిల్టర్ పాయింటు నీళ్లకైతే ఆర్వో నైట్రేటుని బాగానే తగ్గిస్తుంది. కానీ ముందు రామాలయం దగ్గర నీళ్లు కూడా నైట్రేటుకి చూపించండి. దాని చుట్టూ సావిళ్లు, గుంతలు లేవనుకుంటా.

ఫిల్టర్‌పాయింట్_మేస్త్రి
తాగడానికి వేరే పాయింటు వేయాలంటే నా మాట వినండి. దిబ్బ మీద, గుంతలకి ఎగువన, 20 అడుగులు దాటకుండా. హాఫ్ హెచ్‌పీ చాలు, పెద్ద మోటారు పెట్టొద్దు. గంట తోడి రెండు గంటలు ఆపండి. మీగడ తియ్యాలంటే గరిటె మెల్లగా పెట్టాలి, అడుక్కి పెడితే పాలే వస్తాయి. పీజోమీటర్ గారి మీగడ నాకు బాగా నచ్చింది, ఇకనుంచి బేరాల్లో వాడుకుంటా.

దాళ్వా_దిగులు
వాన నీళ్లు ఎవరూ అనరేంటి? మన వైపు ఏడాదికి 1,100 మిల్లీమీటర్ల దాకా కురుస్తుంది. 1,000 చదరపు అడుగుల డాబా మీద పడేది దాదాపు లక్ష లీటర్లు. తాగడానికి, వంటకి ఇంట్లో రోజుకి 30 లీటర్లు అనుకున్నా, ఎండాకాలం మూడు నెలలకీ 2,700. ఒక 3,000 లీటర్ల తొట్టి చాలు. మొదటి వానలు వదిలేసి, డాబా కడిగి పట్టాలి. నేను రెండేళ్లుగా పడుతున్నా.

పులస_ఒక్కటే
స్వామీజీ పలికారు.

శివారు_చేను
రామాలయం నీళ్లు చూపించాను. నైట్రేటు 14, క్లోరైడు 120. పూజారి గారిని అడిగాం, రోజుకి నాలుగు బిందెలు పట్టుకోమన్నారు. పెంటకుప్ప చేను గట్టుకి మార్చాం. గుంత మార్చడానికి డబ్బుల్లేవు, వచ్చే ఏడాది. బోరు దొడ్డి కడగడానికి, మరుగుదొడ్డికే. మేస్త్రి మళ్లీ ఫోన్ చేశాడు, 35 వేలకే దింపుతాడట.

ఇంట్లో అసలు గొడవ మామ్మ. తన పాయింటు నీళ్లు తాగొద్దంటే మూడు రోజులు మాట్లాడలేదు. "మీ తాత వేయించింది" అంటుంది. ఆవిడకి వద్దని ఎవరం చెప్పలేదు, చెల్లికి, బిడ్డకి వద్దన్నాం అంతే. అయినా కోపమే.

ఆవకాయ_జాడీ
పెద్దావిడకి రిపోర్టు చదివి వినిపించకండి. బిడ్డ కోసం రామాలయం తీర్థం అని చెప్పండి.

శివారు_చేను
అలాగే చెప్పాం, పని జరిగింది.

కాలువలు కట్టేశారు. చెప్పినట్టే మళ్లీ వీధంతా కొలిచాను. గట్టు పక్కది 410 నుంచి 560కి వెళ్లింది. మామ్మది 910. చెరువు పక్కది 2,900, వాళ్లు టిన్నులు కొంటున్నారు. ఈసారి ఆ రెండిళ్లవాళ్లూ అంకెలు కాగితం మీద రాయించుకుని పంచాయతీకి పట్టుకెళ్లారు. ఏమవుతుందో చూడాలి.

చెల్లి మొన్న దిగింది. నిన్న రామాలయం దగ్గర కరెంటు లేక గట్టు పక్కింట్లో పట్టుకొచ్చాం, ఎవరికీ చెప్పలేదు. మామ్మ గ్లాసు నోట్లో పెట్టుకుని ఒక్క గుక్క ఆపి, "ఇవి తీర్థం కాదు, గట్టు పక్క నీళ్లు" అంది. రెండింటికీ తేడా ఎంతోనని ఆ పూటే మీటరు పెట్టి చూశా, నూరు కూడా లేదు.

పులస_ఒక్కటే
మీటరు అమ్మేసి మామ్మగారికి ఐఎస్ఐ మార్కు వేయించండి.

బ్యూరెట్_మేడం
ఉప్పు వరకే.